జానెడు మీద బెత్తెడు ఎడమకు

ముప్పై ఒక్క ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను. ఒక బంద్ రోజు లేకపోయుంటే, ఉత్తరం ఎటో తెలియకుండానే రిటైరైపోయేదాన్ని. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లకు ఈ మాట చెబితే వినయం అనుకుంటారు. వినయం నాకు ఏనాడూ లేదు, కావాలంటే మా స్టాఫ్ రూములో ఎవరినైనా అడగండి. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

మాది దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో మూడంతస్తుల ప్రైవేటు హైస్కూలు. నేను పెళ్ళయ్యాక కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడ్డదాన్ని. కరస్పాండెంటు గారిదీ కోస్తానే. పిల్లల్లో సగం మా వైపు వాళ్ళు, సగం నల్గొండ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. మా ల్యాబ్ అటెండరుది కూడా నల్గొండే. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. ఆయన కూతురు మా బడిలోనే ఎనిమిదో తరగతి చదివేది.

హామ్ రేడియో అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు రెండు ముక్కల్లో చెబుతాను. సర్కారు పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంటే, సొంత రేడియో సెట్టుతో ప్రపంచంలో మనలాంటి లైసెన్సు ఉన్న ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. అటెండరూ నేనూ ఒకే రోజు ఆ పరీక్ష రాశాం. టకటక చప్పుళ్ళతో మాటలు పంపే మోర్స్ కోడ్ నేర్చుకోవడానికి మధ్యాహ్నం ఖాళీ పీరియడులో టీ గ్లాసు మీద చెంచాతో టకటకా కొట్టుకునేవాళ్ళం. తెలుగు మాస్టారు తల పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు. ఇద్దరం పాసయ్యాం. ఆయనకు నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంగతి నేను చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

రేడియోలో ఒక మర్యాద ఉంది. మైకు పట్టుకున్నాక టీచరూ అటెండరూ అనేది ఉండదు, అందరూ సమానమే. అందుకని సెట్టు ముందు కూర్చుంటే ఆయన్ని ‘మీరు’ అనేదాన్ని. ల్యాబులో బీకర్లు కడిగించుకునేటప్పుడు మళ్ళీ ‘నువ్వు’ అనేదాన్ని. ఇందులో తేడా ఏమైనా ఉందని అప్పట్లో నాకు తట్టనేలేదు. ఇంకో నియమం కూడా ఉంది, రేడియోలో రాజకీయాలు మాట్లాడకూడదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న ఆ రోజుల్లో, మా స్టాఫ్ రూములో కూడా ఆ నియమం పెట్టుకుని ఉంటే బాగుండేది.

భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో కూడా ఒక హామ్ సెట్టు ఉంటుంది. బడులు దరఖాస్తు పెట్టుకుంటే అక్కడి వ్యోమగాములు తీరిక చేసుకుని పిల్లలతో మాట్లాడతారు. మేము దరఖాస్తు పెట్టి రెండేళ్ళు ఎదురుచూశాం. చివరికి ఒక తేదీ, ఒక సమయం వచ్చాయి. పొద్దున పదకొండు దాటాక అంతరిక్ష కేంద్రం మూసారాంబాగ్ వైపు ఆకాశంలో పైకి వచ్చి, మన నెత్తి మీదుగా పోయి, ఎల్‌బీ నగర్ వైపు దిగిపోతుంది. మొత్తం పది నిమిషాలు. ఆ పది నిమిషాలు తప్పితే మళ్ళీ లైను చివర నిలబడాలి, అప్పటికి ఈ పిల్లలు బడి వదిలిపోతారు.

పదిమంది పిల్లలు, పది ప్రశ్నలు. వరస నేనే వేశాను. కరస్పాండెంటు గారి మనవడిది మొదటి నంబరు. కృష్ణ బిలం గురించి ఎవరో కోచింగ్ సెంటరు లెక్చరరు రాసిచ్చిన ప్రశ్న అది, చదవడానికే అర నిమిషం పడుతుంది. అటెండరు కూతురిది పదో నంబరు. ఎందుకంటే ఆ అమ్మాయి ప్రశ్న, “అక్కడ మీ బట్టలు ఎవరు ఉతుకుతారు?”

“ఇదేం ప్రశ్నే? సైన్సు అడుగు,” అన్నాను.

“నాకు అదే తెలుసుకోవాలనుంది మిస్,” అంది. మూడుసార్లు మార్చమన్నాను, మూడుసార్లూ అదే రాసుకొచ్చింది. పోనీలే, సమయం మిగిలితే అడుగుతుందని చిట్టచివర పడేశాను.

అటెండరుతో నా గొడవ అంతకు నెల ముందే అయింది. వారంలో రెండు రోజులు బంద్, ఒకరోజు రాస్తారోకో. సిలబస్ ఎక్కడిదక్కడే ఉంది. ఒకరోజు స్టాఫ్ రూములో నోరు జారాను. “మీ వాళ్ళకేం, పనీపాటా లేదు. పిల్లల చదువులు మాత్రం మంటగలుస్తున్నాయి,” అన్నాను, ఆయన టీ గ్లాసులు సర్దుతుంటే.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. “మా వాళ్ళంటే ఎవరు మేడం? పదహారేండ్ల సంది గీ బడి తాళం నేనే తీస్తున్న, నేనే ఏస్తున్న. నా బిడ్డ కూడ గీడనే సదువుతున్నది. పనీపాటా లేనోని లెక్క మీకెట్ల కనవడ్డ?”

క్షమించమని ఒక్క మాట అంటే అయిపోయేది. నాలిక మీదికి వచ్చింది కూడా. కానీ తొమ్మిదిమంది టీచర్ల ముందు అటెండరుకి క్షమాపణ చెప్పడమా అని మింగేశాను. ఆ రోజు నుంచి ఆయన నాతో అవసరమైనంత వరకే మాట్లాడాడు. “అయింది మేడం.” “పెట్టిన మేడం.” ఇంతే. టీ గ్లాసు మీద చెంచా చప్పుడు ఆగిపోయింది. తెలుగు మాస్టారు ఒక్కరే సంతోషించారు.

మాటలు లేకపోయినా పని మాత్రం ఆగలేదు. మేడ మీద ఇనుప గొట్టానికి పొడుగాటి యాంటెనా బిగించాం. దాన్ని కేంద్రం పోయే దారి వెంట తిప్పడానికి చిన్న మోటారు పెట్టాం. ఏ క్షణానికి ఏ దిక్కుకి ఎన్ని డిగ్రీలు తిరగాలో నేను పెద్ద చార్టు వేశాను. చార్టు వేయాలంటే ముందు మేడ మీద ఉత్తరం ఎటో తెలియాలి కదా. ల్యాబులోని దిక్సూచి పట్టుకెళ్ళి చూశాను. అది మా బడి ఈశాన్యం మూలకి ఏమాత్రం పొంతన లేకుండా ఎటో చూపించింది. నీళ్ళ ట్యాంకు ఇనుప స్టాండు దాన్ని లాగుతోందని తీర్మానించి, దిక్సూచిని మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. మా ఈశాన్యం మూల మాత్రం స్పష్టంగా ఉంది. బడి కట్టేటప్పుడు కరస్పాండెంటు గారు వాస్తు సిద్ధాంతిని పిలిపించి, అక్కడ రాయి పాతించి, పసుపు రాసి, బొట్టు పెట్టించారు. పదహారేళ్ళుగా బడి మొత్తం దాన్ని ఈశాన్యం అనే పిలుస్తోంది. దాన్ని బట్టే నేను గీత గీశాను. అయస్కాంతత్వం పాఠం చెప్పే నేను అయస్కాంతాన్ని కాదని పసుపు రాయిని నమ్మాను.

ప్రాక్టీసులో కేంద్రం నుంచి వచ్చే సంకేతాలు నీరసంగా ఉండేవి. కేబులు మార్చాను. కనెక్టర్లు మార్చాను. కరెంటు వాళ్ళని తిట్టాను. ఒకరోజు మా లాగ్ పుస్తకం తీశాను. రేడియోలో చేసిన ప్రతి పనీ అందులో రాసుకోవాలి. అందులో అటెండరు గుండ్రటి అక్షరాలు కనిపించాయి: ‘దిక్కు తేడా ఉన్నది. జానెడు మీద బెత్తెడు ఎడమకు.’

నేను ఏం చేశానో చెప్పమంటారా? ఎర్ర పెన్ను తీశాను. ఆ వాక్యం కింద అడ్డంగా గీత కొట్టి రాశాను: ‘కొలత జానెడులో రాయరాదు. డిగ్రీలలో రాయాలి.’ పక్కన సంతకం కూడా చేశాను. జవాబు ఒప్పా తప్పా అని చూడకుండా ప్రమాణం రాయలేదని సున్నా వేసే జబ్బు మా వృత్తిలో చాలామందికి ఉంది. మీకు ఇంకా రాకపోతే జాగ్రత్తపడండి.

తర్వాత నాలుగు రోజులకు పేపర్లో వార్త వచ్చింది. మాకిచ్చిన తేదీనాడే బంద్.

కరస్పాండెంటు గారు నన్ను పిలిచి, “ఓ రెండు రోజులు వాయిదా వెయ్యమని వాళ్ళకి చెప్పమ్మా,” అన్నారు. అది భూమి చుట్టూ తిరుగుతోందండీ, ఆపడం ఎవరి చేతుల్లోనూ లేదు అంటే నొచ్చుకున్నారు. ముఖ్య అతిథిని పిలిచి ఉన్నారాయన. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, శాలువా, ఇవన్నీ పదకొండు నుంచి పదకొండున్నర దాకా అచ్చు వేయించి ఉన్నారు. అదే సమయంలో కేంద్రం వచ్చి వెళ్ళిపోతుందని నేను మూడుసార్లు చెప్పాను. “దీపం వెలిగించకుండా కార్యక్రమం మొదలెడతామా ఎక్కడైనా?” అన్నారు.

ఆ రోజు పొద్దున ఎల్‌బీ నగర్ నుంచి నడిచి బయల్దేరాను. అంత ఖాళీ రోడ్డు నేనెప్పుడూ చూడలేదు. హైవే మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. రింగు రోడ్డు దగ్గర నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకావిడ నన్ను ఆపి, “యాడికమ్మా గింత పొద్దుగాల? జర తిని పో,” అని విస్తరి చేతిలో పెట్టింది. వేడి వేడి పులిహోర. నిలబడే తిన్నాను. నేను ఎవరి మీద నోరు పారేసుకున్నానో వాళ్ళ పులిహోర నాకు అంత రుచిగా ఉండడం ఏమీ బాగోలేదు. రెండోసారి వడ్డిస్తానంటే వద్దనలేదు కూడా.

పిల్లలు పదిమందీ వచ్చేశారు. బడి నడుస్తోందని ఎవరూ అనుకోకుండా యూనిఫాం లేకుండా, ఇద్దరిద్దరుగా, పుట్టినరోజుకి పోతున్నట్టు సందుల్లోంచి వచ్చారు. చంపాపేట్ నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలైతే నిజంగానే చేతిలో బెలూన్లు పట్టుకొచ్చారు. ముఖ్య అతిథి మాత్రం రాలేకపోయారు. బంద్‌ను నేను మొదటిసారి మనసులో మెచ్చుకున్నాను.

ఇంకో అరగంట ఉందనగా గేటు దగ్గర కేకలు వినిపించాయి. పదిహేను మంది కుర్రాళ్ళు జెండాలతో వచ్చారు. నేను మెట్లు దిగేసరికి అటెండరు గేటుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“ఏందన్నా, నువ్వుండంగనే బడి నడిపిస్తున్నరా?” అన్నాడు ముందున్న అబ్బాయి.

“బడి కాదు తమ్మీ. పది నిమిషాల పని. ఆకాశంలకెల్లి పోయేటోళ్ళతోని పిల్లలు మాట్లాడుతరు. మన బంద్ సంగతి ఆళ్ళకు తెల్వదు, ఆళ్ళు ఆగరు.”

“ఉత్త మాటలు చెప్పకు.”

“ఒచ్చి నువ్వే ఇను. అబద్ధమైతే తాళం నీ చేతికే ఇస్త.”

తాళం చెవి తీసి నిజంగానే చూపించాడు. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, చెప్పులు విడిచి హాల్లోకి వచ్చి కింద కూర్చున్నారు. కరస్పాండెంటు గారికి శ్రోతలు దొరికారు. వెంటనే మైకు పట్టుకుని, “ఈ శుభ సందర్భంలో,” అని మొదలుపెట్టారు. మూడో వాక్యంలో కరెంటు పోయింది. మైకు ఆగింది. నేను దేవుణ్ణి నమ్మను గానీ, ఆ క్షణంలో చేతులు జోడించాను.

జోడించిన చేతులు విడదీయకముందే గుర్తొచ్చింది. రేడియోకీ హాల్లో స్పీకరుకీ కారు బ్యాటరీ పెట్టాం, ఫర్వాలేదు. కానీ యాంటెనా తిప్పే మోటారుకి కరెంటు కావాలి. అటెండరు వైపు చూశాను. ఆయన చార్టు చుట్టి చంకన పెట్టుకుని, మా రెండు చేతి సెట్లలో ఒకటి తీసుకుని, మేడ ఎక్కాడు. యాంటెనా చేత్తో తిప్పాలి, వేరే దారి లేదు.

సమయం అయింది. పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. స్పీకర్లో ఒట్టి బుస చప్పుడు. పిల్లలు వరసలో నిలబడి నా మొహం చూస్తున్నారు. ఒక నిమిషం పోయింది. రెండు నిమిషాలు పోయాయి. రెండో చేతి సెట్టు తీసుకున్నాను.

“చార్టు ప్రకారమే తిప్పుతున్నారా? ఓవర్.”

“చార్టు ప్రకారమే తిప్పుతున్న. ఓవర్.”

“మరి ఎందుకు రావట్లేదు? ఓవర్.”

ఆయన గొంతు నెమ్మదిగా వచ్చింది. “చార్టే తప్పున్నది. నెల సంది పొద్దుమూకినంక ట్యాంకు వాల్వు బంద్ చేస్తానికి మీదికొచ్చి చూస్తున్న. చుక్క లెక్క మెరుసుకుంట పోతది. మీరు గీసిన కాడ ఒక్కనాడు కూడ లెవ్వలే. చెయ్యి చాపి కొలిచిన. ప్రతిసారి జానెడు మీద బెత్తెడు ఎడమకే ఉన్నది. పుస్తకంల రాసిన. చార్టును చూసి తిప్పాల్నా, ఆకాశంల చూసినదాన్ని పట్టి తిప్పాల్నా, మీరే చెప్పుర్రి. ఓవర్.”

ఎర్ర గీత కళ్ళ ముందు కనిపించింది. దిక్సూచి కనిపించింది. పసుపు రాయి కనిపించింది. చెవులు వేడెక్కాయి. మోటారే గనక నడుస్తూ ఉంటే అది నా చార్టు ప్రకారం, నాలాగే, ఎవరి మాటా వినకుండా, పది నిమిషాలూ ఖాళీ ఆకాశం చుట్టూ తిరిగి ఉండేది.

“చార్టులో దిక్కు అవతల పారెయ్యండి,” అన్నాను. “నాదే తప్పు. మీరు చూసిందే నిజం. మీ జానెడు మీద బెత్తెడు లెక్కనే తిప్పండి. ఓవర్.”

పైన ఇనుప గొట్టం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. మళ్ళీ పిలిచాను. బుస చప్పుడు పలచబడింది. దాని వెనక నుంచి, పక్క గదిలోంచి పలకరించినంత స్పష్టంగా, ఒక మనిషి గొంతు మా కాల్‌సైన్, అంటే లైసెన్సులో మాకిచ్చిన గుర్తు, చెప్పి నమస్కారం పెట్టింది. నా ఒళ్ళంతా జలదరించింది. హాల్లో ఒక్కరూ కదల్లేదు. జెండా పట్టుకున్న అబ్బాయి నోరు తెరుచుకుని స్పీకరు వైపే చూస్తున్నాడు.

గడియారం చూశాను. మూడు నిమిషాలు పోయాయి. మిగిలిన సమయంలో పది ప్రశ్నలు పూర్తికావు. వరస చివర ఉన్నవాళ్ళకి అందదు. వరస చివర ఎవరున్నారో నాకు తెలుసు, ఎవరి తప్పు వల్ల అందదో కూడా తెలుసు. మొదటి నంబరు అబ్బాయి కాగితం విప్పుతున్నాడు, వాళ్ళ తాతగారు మొదటి వరసలో కూర్చుని ఉన్నారు.

“పదో నంబరు, ముందుకు రా,” అన్నాను. “కింది నుంచి పైకి వెళ్తున్నాం.”

కరస్పాండెంటు గారు కుర్చీలోంచి సగం లేచారు. నేను అటు చూడలేదు. ఆ అమ్మాయి మైకు దగ్గరికి వచ్చి, తన పేరు చెప్పి, “మీ బట్టలు ఎవరు ఉతుకుతారు? ఓవర్,” అని ఇంగ్లీషులో గడగడా అడిగేసింది.

నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున ఆ వ్యోమగామి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు హాలంతా నిండింది. అమ్మాయిని పేరు పెట్టి పిలిచి, చాలా మంచి ప్రశ్న అన్నాడు. అక్కడ ఎవరూ ఉతకరట. నీళ్ళు అంత దండిగా ఉండవట. మురికయ్యేదాకా తొడుక్కుని, తర్వాత చెత్తతో పాటు కట్టి పంపిస్తే ఆకాశంలోనే కాలిపోతాయట. పిల్లలు గొల్లుమన్నారు. బంద్ కుర్రాళ్ళలో ఎవరో, “మా హాస్టల్ల గిట్లనే నడుస్తది,” అన్నాడు. అందరం నవ్వాం. మెట్ల మీది నుంచి, మేడ మీద ఒక్కడే యాంటెనా తిప్పుతున్న మనిషి నవ్వు కూడా వినిపించింది. కూతురి పేరు ఆకాశంలోంచి పలికితే విన్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది ఉంటారు?

తొమ్మిది ప్రశ్నలు పూర్తయ్యాయి. కృష్ణ బిలం దగ్గరికి వచ్చేసరికి గొంతు పలచబడి, ఎల్‌బీ నగర్ మేడల వెనక్కి దిగిపోయింది. మళ్ళీ బుస చప్పుడు. చప్పట్లు మొదలై ఎంతసేపటికీ ఆగలేదు. మనవడు నా పక్కకి వచ్చి, “థాంక్స్ మిస్. అది నాకే అర్థం కాలేదు. ఆయన తిరిగి ఏమైనా అడుగుతాడేమోనని భయపడ్డాను,” అన్నాడు గుసగుసగా. వాళ్ళ తాతగారు మాత్రం సాయంత్రానికల్లా నాకు మెమో ఇచ్చారు, అనుమతి లేకుండా వరస మార్చినందుకు. నా సర్వీసులో వచ్చిన ఒకే ఒక్క మెమో అది. లామినేషన్ చేయించి దాచుకున్నాను.

కుర్రాళ్ళు చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. ముందున్న అబ్బాయి గేటు దగ్గర ఆగి, మేడ వైపు తలెత్తి, “అన్నా, తాళం నువ్వే ఏస్కో,” అని కేకేశాడు.

అందరూ వెళ్ళాక మేడ ఎక్కాను. ఆయన గొట్టం పట్టుకునే కూర్చుని ఉన్నాడు. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. స్టాఫ్ రూములో తొమ్మిదిమంది ముందు చెప్పలేని మాట అక్కడ ట్యాంకు పక్కన చెప్పడం తేలికే. కానీ అది చాలదనిపించింది. కిందికి వెళ్ళి లాగ్ పుస్తకం తీసి, ఆ రోజు పేజీలో రాశాను: ‘దిక్కు జానెడు మీద బెత్తెడు తప్పు. తప్పు నాది. స్టాఫ్ రూములో అన్న మాట కూడా తప్పే.’ సంతకం పెట్టి, పుస్తకం తీసుకెళ్ళి స్టాఫ్ రూము బల్ల మీద అందరికీ కనబడేలా తెరిచి పెట్టి, ఇంటికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున బడికి వచ్చేసరికి తొమ్మిదిమంది టీచర్లూ బల్ల చుట్టూ నిలబడి ముసిముసిగా నవ్వుతున్నారు. నా వాక్యాల కింద గుండ్రటి అక్షరాలు, ఎర్ర సిరాలో ఉన్నాయి: ‘కొలత జానెడులో రాయరాదు. డిగ్రీలలో రాయాలి.’ పక్కన సంతకం కూడా ఉంది.

నేను బ్యాగు కూడా దించకుండా కోణమానిని కోసం ల్యాబులోకి నడిచాను. ఆయన అప్పటికే దాన్ని కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టి ఉంచాడు. పక్కన రెండు టీ గ్లాసులు, రెండు చెంచాలు ఉన్నాయి.

“చెయ్యి చాపండి, కొలుస్తాను,” అన్నాను.

జానెడు మీద బెత్తెడు, ముప్పై డిగ్రీలు వచ్చింది.